పరుగెత్తితే ఏమొస్తుంది?



మే నెలలో మా నల్లరేగడి ఊళ్ళలో ఎనిమిది దాటితే బయట నిలబడలేం. పత్తి చేలు దున్ని వదిలేసి ఉంటాయి, మిరప కల్లాలు ఖాళీ. అందుకే మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు వేసవి క్యాంపు తెల్లవారుజామున ఐదింటికే మంచినీళ్ళ చెరువు కట్ట మీద మొదలుపెడతారు. సాగర్ కుడికాలువ నీళ్ళతో నింపుకున్న చెరువు అది. ఊరంతా తాగే నీళ్ళు గనుక పిల్లలెవరూ అందులో కాలు పెట్టకూడదన్నది ఆయన మొదటి షరతు. ఇరవై మంది పిల్లలు, సగం మందికి బూట్లు లేవు. పరుగయ్యాక రాగిజావ, ఒక ఉడకబెట్టిన గుడ్డు. ఆ ఖర్చు కొంత మాస్టారిది, కొంత మా సంఘానిది.

నేను పరుగెత్తను, మోకాళ్ళు ఒప్పుకోవు. తూము దగ్గర కూర్చుని రౌండ్లు లెక్కపెడతాను. మసక చీకట్లో మొహాలు కనబడకపోయినా వచ్చేది ఎవరో చెప్పగలను. ఒకడు భుజాలు ఊపుతాడు, ఇంకొకడి మడమ చప్పుడే వేరు. రెండవ సమూయేలు 18వ అధ్యాయంలో కావలివాడు పరుగును బట్టే అహిమయస్సును గుర్తుపట్టాడు గదా. సెమినరీలో ఆ మాట మీద ఎవరూ ఆగలేదు.

పౌలు పందెపు మాట రాసింది కొరింథీయులకు. వాళ్ళ ఊరి దగ్గరే రెండేళ్ళకోసారి ఇస్త్మియా ఆటలు జరిగేవి. గెలిచినవాడికి పైన్ ఆకుల కిరీటం, ఒక కాలంలోనైతే ఎండిన ఆకుకూర కిరీటం! అది వాళ్ళు కళ్ళారా చూసిన సంగతి. మన ప్రసంగాల్లో ఆ వచనం బాగా వాడతాం గాని, చెమట వాసన లేకుండా వాడతామని నా అభిప్రాయం.

ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పదో రోజు నుండి కనబడలేదు. ఇంటికి వెళ్ళాను. మిరపకాయల తొడిమలు తీసే పనికి తల్లితో పాటు ఐదింటి ఆటో ఎక్కుతోంది. కిలోకింత అని కూలి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు.

"పరుగెత్తితే ఏమొస్తుందండీ అయ్యగారూ?" అంది తల్లి.

వరంగల్ జిల్లా కల్లెడలో కూలీల బిడ్డ జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లకు కాంస్యం తెచ్చిందని చెప్పాను. "అందరి పిల్లలూ ఆ పిల్లవుతారా?" అంది. అవుతారని నేను అనలేదు. యోవాబు అహిమయస్సును అడిగిందీ అదే: నీకు బహుమానమేమీ రాదు, ఎందుకు పరుగెత్తుతావని. అతని దగ్గర జవాబు లేదు, ఏమైనా కానీ పరుగెత్తుతానన్నాడు. మైదానపు దారిన పోయి, ముందు బయలుదేరిన కూషీయుణ్ణి దాటిపోయాడు. తల్లికి ఈ కథ చెప్పలేదు. ఆకలి మీదున్న ఇంట్లో కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా స్త్రీల సమాజంలో నలుగురు ఏదో మాట్లాడుకున్నారు. వాళ్ళూ అదే ఆటోలో అదే పనికి పోయేవాళ్ళు. ఇప్పుడు ఒక్కొక్కరు తమ కుప్పలోంచి ఒక గంప ఆ తల్లి లెక్కలో పోయిస్తున్నారట. నేను అడగలేదు, వాళ్ళూ నాతో చెప్పలేదు. మంగళవారం తెల్లవారుజామున కట్ట మలుపు దగ్గర ఒక తేలికపాటి పరుగు వినబడింది, లెక్క రాసుకున్నాను.

క్యాంపు ఇంకో పన్నెండు రోజులుంది. అడ్వాన్సు ఇంకా తీరలేదు. ఆ కుటుంబం కోసం, ఆ నలుగురు అక్కల కోసం ప్రార్థన చేయండి.