కాలువకు పడమట అప్పుల లెక్క

పుదుచ్చేరికి వచ్చే పర్యాటకుల్లో చాలామంది పాత కాలువ దాటి పడమటికి రారు. వాళ్లు కోరుకునేవన్నీ తూర్పునే ఉన్నాయి. ఫ్రెంచి పేర్ల వీధులు, పసుపు గోడల మీదికి ఎగబాకిన కాగితంపూల తీగలు, సాయంత్రమైతే వాహనాలను ఆపేసే సముద్రతీరపు రోడ్డు. ఒకప్పుడు తెల్లవాళ్ల పట్నాన్నీ నల్లవాళ్ల పట్నాన్నీ వేరుచేసిన కాలువ దాటి నెహ్రూ వీధి వెంట కాస్త నడిస్తే గుబేర్ మార్కెట్. స్థానికుల నోట అది పెరియ మార్కెట్. చేపల గంపల ముందు, మూర లెక్కన మల్లెలమ్మే పీటల మీద, ఆకుకూర కట్టల వెనక ఎటు చూసినా ఆడవాళ్లే.

ఈ బేరాలకు కావలసిన పెట్టుబడి కొన్ని వేలు మాత్రమే. అవి ఎక్కడి నుంచి వస్తాయన్నదే అసలు సంగతి. తమిళనాట దానికి పాత జవాబు 'తండల్', అంటే రోజువారీ వసూలు అప్పు. ఉదాహరణకు పదివేలు అడిగితే వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి పది శాతమే. కానీ అసలు రోజూ తరుగుతూ ఉంటుంది కనుక ఏడాది లెక్కన వడ్డీ 75 శాతం పైమాటే. ఇంతకన్నా ఘోరమూ ఉంది. చెన్నైలో పండ్లబండ్ల వాళ్లు సగటున రోజుకు 4.69 శాతం వడ్డీ కట్టేవారని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 2011లో రాశారు. అంటే వెయ్యికి రోజుకు 47 రూపాయలు.

అప్పుకూ సరుకుకూ ముడి ఈ ఊరికి కొత్త కాదు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి కంపెనీ వర్తకులకు ముందే సొమ్మిచ్చి, వాళ్ల ద్వారా నేతగాళ్ల నుంచి గుడ్డ తీసుకునేది. డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్లై దినచర్యలో యుద్ధాలతో పాటు బేరాలూ బాకీలూ కనిపిస్తాయి. కస్తూరి రంగకవి తెలుగులో 'ఆనందరంగరాట్ఛందము' అంకితమిచ్చింది ఈయనకే. ఆయన మేడ మార్కెట్‌కు దగ్గర్లోనే ఉంది.

తండల్‌కు ప్రత్యామ్నాయంగా వచ్చినవే పొదుపు సంఘాలు, సూక్ష్మ రుణాలు. నాబార్డు 1992లో సంఘాలను బ్యాంకులతో కలిపింది. పుదుచ్చేరిలో లీడ్ బ్యాంకు అయిన ఇండియన్ బ్యాంకు స్వయం ఉపాధి శిక్షణ సంస్థనూ నడుపుతోంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనా ఇది. ఉచితంగా పని నేర్పి, ఆ తర్వాత అప్పు దారి చూపాలన్నది దాని సూత్రం. అయితే ఈ సంస్థలు ప్రధానంగా గ్రామీణ యువత కోసం పెట్టినవి.

అప్పు ఒక్కటే చాలదని తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. దాంతో వసూళ్లు కుప్పకూలాయి. అంతకుముందు హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో జరిగిన అధ్యయనం మరో నిజం చెప్పింది. అప్పు అందుబాటులోకి వచ్చిన చోట కొన్ని వ్యాపారాలు పెరిగాయి, ఇంట్లోకి వస్తువులు వచ్చాయి. కుటుంబ ఖర్చులో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

శిక్షణ అవసరం అక్కడే. కుట్టుపని చాలామందికి ముందే వచ్చు. రానిది ఇంటి డబ్బునూ బేరం డబ్బునూ విడదీయడం, తన కూలిని ధరలో కలపడం, వడ్డీని లెక్కకట్టడం. పదివేల మీద 'ఏడాదికి 12 శాతం' ఫ్లాట్ వడ్డీ అంటే నెలవారీ వాయిదాల్లో అది నిజానికి 21 శాతం దాటుతుంది. అహ్మదాబాద్‌లో సేవా బ్యాంకు ఖాతాదారులకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి చూస్తే, స్నేహితురాలితో కలిసి వచ్చినవాళ్లే ఎక్కువ లాభపడ్డారు. అంటే పాఠం ఎంత ముఖ్యమో పక్కన తోడు ఉండటమూ అంతే ముఖ్యం.

ఆ తోడు ఈ ఊళ్లో మరీ అవసరం. 1898 నాటి ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు 2020లో మూతపడింది. అలా నెలజీతాలు పోయిన ఇళ్లలో చిన్న బేరమే పెద్ద దిక్కు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను ఇక్కడే తీరం దాటి, 24 గంటల్లో 48 సెంటీమీటర్ల వాన కురిపించింది. అలాంటి రోజుల్లో పూలు అమ్ముడుపోవు, పడవలు కదలవు. వాయిదా తేదీ మాత్రం మారదు.

మారవచ్చని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలే చెబుతున్నాయి. వాయిదాలు ఎన్నాళ్లకోసారి కట్టాలన్నది రుణం తీసుకున్నవారి అవసరాన్ని బట్టి ఉండాలి. కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి ఆదాయంలో సగం మించకూడదు. ఖర్చులన్నీ కలిపిన అసలు వడ్డీ ఎంతో రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఒక కాగితం మీద రాసివ్వాలి. పెరియ మార్కెట్‌లో ఆ కాగితాన్ని చదివి, ప్రశ్నించి, ఆ తర్వాతే సంతకం చేసే ఆడవాళ్లు ఎంతమంది తయారైతే శిక్షణ అంత ఫలించినట్టు.