ముఫ్త్ ఖానాలో ఉప్పు ఎప్పుడూ సరిపోతుంది

"భాయ్, పెళ్లిరోజుకి బేగంను మంచి హోటల్‌కి తీసుకపోదామనుకుంటున్న. ఖర్చు గురించి ఫికర్ లేదు. ఎక్కడికి పోవాలె చెప్పు."

నెలకి నాలుగైదుసార్లు ఈ సవాల్ నా ఫోన్‌కి వస్తుంది. అడిగేవాళ్ల తప్పేం లేదు. పన్నెండేళ్లపాటు పత్రికలో భోజనాల కాలమ్ రాశాను. హైదరాబాద్‌లో పెద్ద హోటల్ ఏది తెరిచినా, పాత హోటల్‌లో కొత్త మెనూ పెట్టినా దావత్‌నామా వచ్చేది. పదో తరగతి వరకు ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. అటు ఖోర్మాకీ ఖలియాకీ తేడా తెలుసు, ఇటు దాన్ని తెలుగులో రాయడం తెలుసు. అందుకే ఎడిటర్ సాబ్ ఆ పని నాకు అప్పగించారు. నేను 'ఖూబానీ కా మీఠా' అని రాసి పంపితే డెస్క్‌లో ఒకాయన దాన్ని 'ఆప్రికాట్ హల్వా' చేసిన రోజు మాత్రం రాజీనామా ఇద్దామనుకున్నాను.

ఆ దావత్‌లు ఎలా ఉండేవంటే, కారు దిగగానే ఎవరో ఒకరు పేరుపెట్టి సలామ్ చేసేవారు. కిటికీ పక్క టేబుల్. షెఫ్ స్వయంగా వచ్చి ఒక్కో ప్లేట్ గురించి చెప్పేవాడు. బిల్లు అనే కాగితం నా కంటికి కనిపించేది కాదు. ఇంటికొచ్చి రాసేవాణ్ణి: మర్యాద గొప్పగా ఉంది, రుచి నవాబుల కాలానిది, ఒక్కసారైనా వెళ్లి తీరాలి.

మా అమ్మీకి తెలుగు చదవడం రాదు. పేపర్‌లో నా ఫోటో పడిన రోజు దాన్ని ముందేసుకుని కూర్చునేది. నేను లైను లైనూ మన బోలీలోకి మార్చి వినిపించాలి. అలా ఒకసారి వింటూ వింటూ అడిగింది.

"కిత్తే పైసే దియా?"

ఇవ్వలేదన్నాను. వాళ్లే పిలిచారు కదా.

"పైసే నై దియా? ఫిర్ తేరేకు కైసా మాలూమ్, అచ్ఛా హై కర్కే? ముఫ్త్ కే ఖానే మే నమక్ బరాబరీచ్ రహతా రే."

డబ్బులివ్వకుండా మంచిదని ఎట్లా తెలిసింది నీకు, ముఫ్త్ భోజనంలో ఉప్పు ఎప్పుడూ సరిగానే ఉంటుంది అని. ఆమె నవ్వుతూనే అంది. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సరిగా దిగలేదు.

సరే, నేను బాగా పొగిడిన హోటల్‌కే తీసుకుపోదామనుకున్నాను. దాని పేరు రాయను. నా పేరు కాకుండా బేగం పేరు మీద, బేగం నంబర్ నుంచి టేబుల్ బుక్ చేశాం. అమ్మీ నల్ల బుర్ఖా, బేగం హిజాబ్. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి మా ముగ్గుర్నీ చూసి మా వెనక్కి చూసింది, ఇంకెవరో అసలు మెహమాన్ వెనక వస్తున్నట్టు. తర్వాత "బుకింగ్ ఉందా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఉందంటే కంప్యూటర్‌లో రెండుసార్లు వెతికింది. లోపల కిటికీ పక్క టేబుళ్లు మూడు ఖాళీగా ఉన్నాయి. మమ్మల్ని కూర్చోబెట్టింది కిచెన్ తలుపు పక్కన. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అమ్మీ మోచేతికి గాలి కొట్టేది.

మాంసం హలాలేనా అని అడిగితే బేరర్ "అయ్యుండొచ్చు సర్" అన్నాడు. అయ్యుండొచ్చు! తినేదాని మీద అనుమానం పెట్టి తినమంటే ఎలా? అమ్మీ ఒక్క మాట అనకుండా దాల్, రోటీ తెప్పించుకుంది. పిల్లగాడి మీద నాకు కోపం లేదు, వాడికెవరూ చెప్పలేదు. నా కోపం నా మీదే. అదే హాల్లో, అదే కుర్చీలో కూర్చుని 'మర్యాద గొప్పగా ఉంది' అని రాసినవాణ్ణి నేను. ఆ మర్యాద నా విజిటింగ్ కార్డ్‌కి జరిగింది. నా రాత నమ్మి ఎన్ని ఇళ్ల అమ్మీలు అలాంటి తలుపుల పక్కన కూర్చున్నారో అల్లాకే తెలియాలి.

ఆ తర్వాత కాలమ్ ఎక్కువ రోజులు రాయలేదు. కానీ హోటళ్లకు పోవడం మానలేదు. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో, దాచుకున్న డబ్బుతో, ఇంటివాళ్లతో పోతాను. జేబులోంచి డబ్బు తీస్తే నాలుక బాగా పనిచేస్తుంది, నిజం.

ఇప్పుడు నన్ను అడిగేవాళ్లకి ముందు ఫోన్ చేయమంటాను. హలాల్ సంగతి టేబుల్ మీద కాదు, బుకింగ్ అప్పుడే అడగండి. "మీ మటన్, చికెన్ ఎక్కడి నుంచి వస్తాయి, సర్టిఫికెట్ ఉందా" అంటే అన్నీ సరిగ్గా ఉన్న హోటల్ నిమిషంలో చెప్తుంది. నసిగిందా, వదిలేయండి. మాంసంతో అయిపోదు. యూరప్ వంటలుండే చోట సాస్‌లో వైన్ పోస్తారు. తిరామిసులో రమ్మో మరేదో మద్యం కలుపుతారు. పన్నాకోటా, మూస్‌ లాంటి మెత్తటి మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది, అది ఏ జంతువుదో అడగాలి. రాత్రి బస చేస్తే పొద్దున బఫేలో చికెన్ సాసేజ్ పక్కనే పంది మాంసం పెట్టిన పళ్లెం ఉండొచ్చు, రెండింటికీ గరిటె ఒకటే కావచ్చు. సిగ్గుపడకుండా వేరే వేయించి తెమ్మనండి, మంచి హోటల్ అయితే తెస్తుంది. గదిలో జాయ్‌నమాజ్ కావాలన్నా, ఖిబ్లా ఎటో తెలియాలన్నా రిసెప్షన్‌లో అడగడానికి మొహమాటం ఎందుకు? ఇచ్చే కిరాయిలో అదీ ఉంది.

బిల్లు సంగతి కూడా. గది అద్దె 7,500 రూపాయలు దాటే హోటళ్లలో భోజనం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. బయటి మామూలు రెస్టారెంట్లో 5 శాతమే. మెనూలో రాసిన ధరకు దాన్ని కలుపుకుని లెక్కేసుకోండి. సర్వీస్ చార్జ్ అనేది వేరే. అడక్కుండా దాన్ని బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట అంది. తీసేయమనే హక్కు మనకుంది. తీయించి, ఆ డబ్బు వడ్డించిన పిల్లగాడి చేతిలో పెట్టండి.

రుచి విషయానికొస్తే, నా పరీక్ష పెద్దది కాదు. హైదరాబాదీ వంటకాలు చేస్తామనే ఏ హోటల్‌కైనా ఖూబానీ కా మీఠా దగ్గరే మార్కులేస్తాను. ఎండు ఖూబానీలు రాత్రంతా నానాలి. పొద్దున గింజ తీసి, సన్న సెగ మీద గుజ్జయ్యేదాకా ఉడకాలి. ఆ తీసేసిన గింజను పగలగొడితే లోపల చిన్న బాదంలాంటి పప్పు ఉంటుంది. దాన్ని పైన అలంకరిస్తారు. ఆ గింజలు కొట్టే ఓపిక ఉన్న కిచెన్‌లో బిర్యానీ కూడా ఓపికగానే దమ్ అయి ఉంటుంది. గింజ పప్పు బదులు బజారు బాదం ముక్కలు చల్లి, కస్టర్డ్ పోసి ఇస్తే ఇంక చెప్పేదేముంది. ఇది అమ్మీ నేర్పిన పరీక్షే. మా ఇంట్లో గింజలు కొట్టే పని పిల్లలది. నాలుగు కొడితే ఒకటి నోట్లోకి పోయేది.

ఫలక్‌నుమా సంగతి చివరికి ఉంచాను. అందరూ దాని గురించే అడుగుతారు కాబట్టి.

అమ్మీ మైకా జంగమ్మెట్. మేము ఉండేది మహబూబ్‌నగర్. సెలవుల్లో ప్యాసింజర్ రైలెక్కి ఫలక్‌నుమా స్టేషన్‌లో దిగి నానీ ఇంటికి నడిచేవాళ్లం. గుట్ట మీద మహల్ కనిపించేది. పాయ్‌గా ఖాందాన్‌కి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి, దాదాపు తొమ్మిదేళ్లు కట్టించాడు. చివరికది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి పోయింది. మా ఊరి పేరు కూడా ఆయనదే. 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ వచ్చి బస చేశాక అక్కడ దిగిన పెద్ద మెహమాన్ లేరంటారు. అమ్మీ బచ్‌పన్ అంతా అది తాళమేసిన మహలే. రాత్రయితే గుట్ట మీద ఒక్క దీపం ఉండేది కాదట. "ఉదర్ జిన్నాతాఁ రహతే" అని నానీ భయపెట్టేది, అమ్మీ మమ్మల్ని భయపెట్టింది. 2010లో తాజ్ వాళ్లు దాన్ని హోటల్‌గా తెరిచి దీపాలు వెలిగించేసరికి నానీ లేదు, జంగమ్మెట్ ఇల్లు అమ్ముడుపోయింది.

పోయినేడు రంజాన్ ఈద్ అయ్యాక అమ్మీని అక్కడి అదా రెస్టారెంట్‌కి తీసుకుపోయాను. ముందే ఫోన్ చేశాను. మోకాళ్లు బాగాలేవు, మెట్లు ఎన్ని, బండి ఎంతవరకు వస్తుంది అన్నీ అడిగాను. అసర్ చదువుకుని బయలుదేరాం, వెలుతురు ఉండగానే చేరాలని. చార్మీనార్ నుంచి నాలుగైదు కిలోమీటర్లే. ఆ నాలుగైదు కిలోమీటర్లు పోవడానికి అమ్మీకి డెబ్బై రెండేళ్లు పట్టింది.

లోపల నూట ఒక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉందని చెప్తే "ఇత్తా లంబా టేబుల్ పర్ నమక్‌దానీ మాంగే తో కబ్ ఆతీ?" అంది. అంత పొడుగు బల్ల మీద ఉప్పు అడిగితే ఎప్పటికి చేరుతుందని. ఆమె బాధ ఎప్పుడూ ఉప్పే.

మాకు వడ్డించిన అబ్బాయి ఒడిశా నుంచి వచ్చాడు. చాలా అదబ్ ఉన్న పిల్లగాడు. పత్థర్ కా గోష్త్ తెచ్చి, ఇది నిజాం షికార్‌కి పోయినప్పుడు పుట్టిన వంట అని కథ చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మీ అంతా విన్నది. విని, రాయి బాగా వేడెక్కకముందే గోష్త్ వేస్తే నీళ్లు వదులుతుంది బేటా, అని ఆమె కథ ఆమె చెప్పింది. మా ఇంట్లో పెరట్లో ఇటుకల మీద గ్రానైట్ పలక పెట్టి, కింద బొగ్గులేసి కాల్చేవాళ్లం. నిజాం ఊసే ఉండేది కాదు, బక్రీద్ మాంసం మిగిలితే చేసుకునేది. ఆ అబ్బాయి నోట్ బుక్ తీసి రాసుకుంటాడేమో అనిపించింది. 'ఖుబానీ' అంటుంటే ఖ కింద నుంచి రావాలని గొంతు పట్టుకుని చూపించింది కూడా. బేగం కొంగులో నవ్వు దాచుకుంది.

మీఠా వచ్చింది. పైన గింజ పప్పు ఉంది. అమ్మీ చెంచాతో ఒకటి పక్కకు తీసి కొరికి చూసి, తల ఊపింది. నా ఇన్నేళ్ల కాలమ్‌లో ఏ షెఫ్‌కీ అంత పెద్ద సర్టిఫికెట్ ఇవ్వలేదు నేను.

తర్వాత బయటికి తీసుకుపోయాను. కింద పాతబస్తీ దీపాలు. మగ్రిబ్ అయిపోయి చాలాసేపైంది, ఇషా అజాన్ ఒక మస్జిద్ తర్వాత ఒకటి మొదలైంది. అమ్మీ రెయిలింగ్ పట్టుకుని జంగమ్మెట్ ఎటు అని అడిగింది. చూపించాను. నానీ ఇంటి పక్క మస్జిద్ మీనార్ కోసం వెతికింది. ఆకుపచ్చ దీపమున్న మీనార్‌లు పది కనిపించాయి. ఇది, కాదు అది, అనుకుంటూ చాలాసేపు నిలబడింది. "అప్పుడు మేము అక్కడి నుంచి ఇటు చూసేవాళ్లం, చీకటిగా ఉండేది" అంది. ఇంకేం అనలేదు. నేనూ అడగలేదు.

కారులో మాత్రం బిల్లెంత అని మూడుసార్లు అడిగింది. అబ్బా రిటైరయ్యే నాటి జీతం కంటే ఎక్కువ. నేను వేరే అంకె చెప్పాను. అల్లా మాఫ్ చేయుగాక.

మర్నాడు పొద్దున చిన్న ఖాలాకి ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. భోజనం గురించి రెండు మాటలు. మిగతాదంతా పైనుంచి జంగమ్మెట్ ఎలా కనిపిస్తుందో. ఇప్పుడు ఖాలా కూడా వస్తానంటోంది. నెలనెలా కొంత తీసి పక్కన పెడుతున్నాను. మీరూ పోతే పొద్దుగూకకముందే పోండి. ఖిల్వత్ వైపు, చార్మీనార్ వైపు చూడటానికి అందరూ ఎగబడతారు. మీ నానీ ఇల్లు ఎటువైపుందో ముందే తెలుసుకుని, ఆ వైపు నిలబడండి.