బరంపురం పట్టు – నాలుగు చేతుల నేత

మన తెలుగువారు యెక్కడెక్కడ స్థిరపడ్డారో లెక్కవేసేటప్పుడు గంజాం జిల్లాను చాలామంది మరచిపోతూ వుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం యేర్పడేదాకా యిది మద్రాసు రాజధానిలోని జిల్లాయే. ఆనాడు సరిహద్దు గీసినప్పుడు ఇచ్ఛాపురం అటు వుండిపోయింది, బరంపురం యిటు వచ్చింది. రెంటికీ నడుమ దూరం పాతిక కిలోమీటర్లు. గీత పడిందే గాని పెళ్లి సంబంధాలు, పండుగ పలకరింపులు, చేబదుళ్లు యేవీ ఆగలేదు.

నేను వుద్యోగరీత్యా వుంటున్నది యీ జిల్లాలోనే, భంజనగర్‌లో. దీని పాతపేరు రసెల్‌కొండ. 1830ల మధ్యలో ఘుమ్సర్ తిరుగుబాటును అణచడానికి వచ్చిన రసెల్ దొర పేరది. తరువాత ఒరియా కవిసమ్రాట్టు ఉపేంద్ర భంజుని పేరు పెట్టారు. ఆయన పుట్టిన కులాడ గ్రామం మాకు దగ్గరే. దొర పేరు పోయి కవి పేరు నిలిచిన వూరని మేము కాస్త గర్వంగానే చెప్పుకుంటాము. అడవులూ, కొండలూ, పెద్ద చెరువూ అన్నీ వున్నాయి గాని మాకు రైలు లేదు. ప్రయాణమంటే బస్సే. ఆస్కాలో పంచదార ఫ్యాక్టరీ, రుషికుల్య వంతెన, ఆ పిమ్మట హింజిలికట్టు కూరల సంత దాటుకుని, సుమారు 80 కిలోమీటర్లు కుదుపులు తిని బరంపురంలో దిగాలి.

బరంపురం అనగానే యిక్కడివారు పట్టు నగరం అంటారు. అంత పేరు తెచ్చినవారు దేరా వీధి నేతగాండ్రు. వీరు మన దేవాంగులే. కొన్ని తరాల క్రితం మహురి రాజుల ఆదరణతో రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చామని పెద్దలు చెప్పుకుంటారు. యిప్పటికీ యిండ్లలో తెలుగే. కాకపోతే వాక్యం తెలుగులో మొదలై ఒరియాలో ముగియడం, లేదా అటుది యిటు కావడం కద్దు. రెండేళ్లకొకసారి వేసవిలో జరిగే ఠాకురాణీ జాతరకు పెద్ద దిక్కు కూడా యీ వీధివారే. వూరి దేవత బుఢీ ఠాకురాణి ఆ దినాలలో పుట్టింటికి వచ్చిన ఆడపడుచులాగా దేరా వీధిలో వుంటుంది. దేశిబెహెరా అని పిలిచే కులపెద్ద ఆమెకు తండ్రి వరస. నెల్లాళ్ల వుత్సవం తరువాత ఆమెను సాగనంపేటప్పుడు వీధిలో ముసలివాళ్లు నిజంగానే కళ్లు తుడుచుకుంటారు.

ఆ వీధిలోనే మా పెద్దమ్మ కూతురు కాపురం వుంటున్నది. పేరు రాయవద్దని ఆన పెట్టింది కనుక అక్క అనే రాస్తాను. నేను నెలకొకసారైనా అక్కడికి వెళ్లడానికి కారణం చుట్టరికం ఒక్కటే కాదు. ఆమెకు తెలుగు చదవడం వచ్చు, ఒరియా మాట్లాడడం వచ్చు, ఇంగ్లీషు రాదు. నాకు కాగితాలు పూర్తిచేయడమే బతుకు. కాబట్టి ఆమె దరఖాస్తులన్నీ నా చేతిమీదుగా పోతాయి.

యింట్లోకి అడుగు పెట్టగానే ముందుగదిలో గుంటమగ్గం. నేలలో గొయ్యి, అందులో కాళ్లు వేలాడదీసి తొక్కుడుకర్రలు తొక్కుతూ పని. గోడవార రాట్నం, పైన దేవుడి పటం, పక్కన పిల్లల పుస్తకాలు. కార్ఖానా, పడకగది, బడి అన్నీ అదే. తెల్లవారి వెలుగు రాగానే ఆమె మగ్గంలోకి దిగుతుంది. వంట అయ్యాక మళ్లీ దిగుతుంది. మధ్యాహ్నం యెండ తూరుపు గోడ దాటితే రంగులు సరిగా కనబడవని లేస్తుంది.

పట్టు కర్ణాటకం నుంచి వస్తుంది. వచ్చినప్పుడు దానిమీద జిగురు వుంటుంది. సబ్బు, సోడా వేసి వుడకబెడితే గాని ఆ జిగురు పోయి నిగనిగ రాదు. అప్పుడు కిలో నూలు ముప్పాతిక కిలోకు దిగుతుంది. కొన్నప్పుడు మాత్రం నిండు కిలోకే సొమ్ము చెల్లించాలి. చీర ధర చూసి కళ్లు పెద్దవి చేసుకునేవారు యీ పావుకిలో సంగతి గుర్తుంచుకోవాలని అక్క అంటుంది.

బరంపురం పట్టుకు ప్రాణం అంచు. దీన్ని ఫోడా కుంభ అంటారు. వరసగా గుడి గోపురాలు నిలబెట్టినట్టు అంచు రంగు మెట్టుమెట్టుగా చీర ఒంటిలోకి చొచ్చుకుని పోతుంది, మళ్లీ మెట్టుమెట్టుగా వెనక్కి వస్తుంది. యిది అద్దకం కాదు, కుట్టు కాదు. ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, వెరసి మూడు నాడెలతో నేసి, రంగు మారే చోటల్లా అంచు పేకనూ ఒంటి పేకనూ ఒకదానితో ఒకటి మెలివేయాలి. ప్రతి పోగుకూ యీ మెలిక తప్పదు. ఒక్క మనిషి రెండు కొసలూ చూసుకోలేడు. అందుకని మగ్గం మీద యిద్దరు కూర్చుంటారు. మెట్టు యెక్కడ యెక్కాలో, యెక్కడ దిగాలో యిద్దరికీ ఒకే లెక్క వుండాలి. ఒకరు పరధ్యానంగా వుంటే గోపురం వంకరపోతుంది.

యిరవై యేళ్లు అక్క యెడమవైపు కూర్చున్నది. బావగారు కుడివైపు. చీర అమ్మినప్పుడు "ఫలానావారి నేత" అని బావగారి పేరే చెప్పేవారు. నూలు వుడకబెట్టింది ఆమె, కండెలు చుట్టింది ఆమె, సగం అంచు నేసింది ఆమె. అయినా మాటవరసకు కూడా ఆమెను నేతకత్తె అనలేదు. యిది యీ ఒక్క యింటి సంగతి కాదు. 2019–20లో ప్రభుత్వం చేనేతవారిని లెక్కించినప్పుడు దేశం మొత్తం మీద యీ పనిలో సుమారు 35 లక్షల మంది వున్నట్టు, అందులో నూటికి 72 మంది స్త్రీలైనట్టు తేలింది. మగ్గమంటే మగవాడే కళ్లముందు కనిపించే మనకు యిది ఆలోచించవలసిన అంకె.

తెలంగాణాలో పోచంపల్లి తరహా చీరలకు ఆసు పోయడం అనే పని వుంది. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు అటూ యిటూ ఆడించాలి. ఆ పని యింటి ఆడవారిదే. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తల్లి పడే కష్టాన్ని కష్టంగా గుర్తించడంతోనే ఆ యంత్రం పుట్టింది గదా!

మా బావగారికి మోకాళ్లు పట్టేయడంతో ఆరేళ్ల క్రితం గుంటలోకి దిగడం మానవలసి వచ్చింది. అప్పుడు అక్క కుడివైపుకు జరిగింది. కూతురు యెడమవైపు కూర్చున్నది. బావగారు గోడకు ఆనుకుని కండెలు చుట్టడం మొదలుపెట్టారు. మొదట వీధిలో నవ్వినవారున్నారు. ఆయన మాత్రం "యిన్నాళ్లూ ఆమె చుట్టిన కండెలతో నేను నేసేను. యిప్పుడు నా వంతు" అని వూరుకున్నారు.

ఆ యేడు నేతపనివారి గుర్తింపు కార్డుకు దరఖాస్తు రాయడానికి నేను వెళ్లాను. "నేతపని చేయువారి పేరు" అనే గడి దగ్గర కలం ఆపి, "ఏం రాయమంటావు అక్కా?" అన్నాను.

"మీ బావ పేరు రాయి తమ్ముడూ. అలవాటైన పేరు."

బావగారు కండె ఆపి, "నేసేది యెవరో వారి పేరే రాయవోయ్! నా పేరు రాస్తే అబద్ధపు కాగితమవుతుంది" అన్నారు. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన పేరు తానే తెలుగులో నా చేతి కాగితం మీద రాసి, "దీన్నే మీ ఇంగ్లీషులో దించు" అన్నది.

ఆ కార్డు వచ్చాక ఆమెకు ప్రదర్శనల్లో చోటు అడిగే వీలు కలిగింది. అంతకు మునుపు వర్తకుడు నూలు యిచ్చేవాడు, చీరకు యింత అని కూలి యిచ్చేవాడు. చీర యెవరు కట్టుకున్నారో నేసినవారికి తెలిసేది కాదు. స్వంతాన అమ్మితే ధరా మనదే, నష్టమూ మనదే. మొదట భువనేశ్వర్ చలికాలపు మేళాకు వెళ్లింది. చీరలు పాత నూలు చీరలో మూటగట్టి, వేపాకు వేసి, పైన అటుకులూ బెల్లమూ పెట్టుకుని బయలుదేరింది. పది చీరలు తీసుకుపోయి నాలుగు అమ్మింది. "మిగిలిన ఆరూ మోసుకొచ్చేటప్పుడు మూట యెక్కువ బరువనిపించింది" అన్నది.

అక్కడ కొన్నవారు, "మీ మాట తీరు చూస్తే ఆంధ్రావారిలా వున్నారే!" అన్నారట. మరుసటి సంవత్సరం హైదరాబాదులో శిల్పారామానికి వెళ్లింది. అక్కడివారు, "ఒరియా చీర అమ్ముతూ తెలుగు యింత బాగా మాట్లాడుతున్నారే!" అన్నారట. మనకు యిటూ పొరుగు, అటూ పొరుగేనా అని నేను చిన్నబుచ్చుకుంటే ఆమె నవ్వి, "రెండు రంగులూ మెలిపడిన చోటే గట్టిగా వుంటుంది తమ్ముడూ, ఆ చీర కొస లాగి చూడు" అన్నది. నేను లాగి చూశాను. నిజమే.

హైదరాబాదులో ఆమె పక్క అంగడి ఒక గద్వాల నేతగానిది. నూలు ఒంటికి పట్టు అంచు జోడించే పద్ధతిని వారు కుప్పడం అంటారు. అమ్మకం లేని మధ్యాహ్నం యిద్దరూ చీరలు తిరగవేసి మెలికలు పోల్చుకున్నారు. పని ఒకటే, పేరు వేరు. అతని మగ్గంలో యెడమవైపు కూర్చునేది యెవరని అక్క అడిగింది. "మా యింటామె" అన్నాడు. "మరి ఆమెను తీసుకురాలేదేం?" అన్నది. అతడు సిగ్గుపడి, పై యేడు తప్పక తీసుకువస్తానన్నాడు. ఆ ప్రయాణంలో తాను అమ్మిన చీరల లెక్కకంటె యీ సంభాషణే ఆమె యెక్కువసార్లు చెప్పింది.

అన్నీ శుభవార్తలే అనలేను. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీరతో పాటు మగవారి జోడ, అనగా ధోవతి ఉత్తరీయాలకూ అది వర్తిస్తుంది. పూరీ జగన్నాథునికి సమర్పించే పట్టుగా దీనికి యెంతో గౌరవం. అయినా మరమగ్గం మీద తీసిన గోపురపు అంచు చీరలు సగం ధరకే అంగళ్లలో వేలాడుతున్నాయి. కొనేవారికి తేడా తెలియదు. తెలుసుకోవడం కష్టం కాదు. 2006లో ప్రవేశపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్కు వున్నదేమో చూడండి. చీర తిరగవేసి అంచు కలిసే చోట రెండు పేకలు మెలిపడినాయా లేదా చూడండి. బట్ట ముడుచుకోకుండా అడ్డంగా బిగించే కర్ర తాలూకు ముల్లులు గుచ్చిన సన్నని చిల్లులు రెండు కొసలా కనబడతాయి. అది లోపమని బేరమాడకండి, చేతితో నేసినదనడానికి అది సాక్ష్యం.

యిప్పుడు అక్క యింట్లో పెద్ద సమస్య యెడమవైపు చోటు. కూతురికి నర్సు చదువులో సీటు దొరికింది. సెలవులకు వచ్చినప్పుడు తప్ప మగ్గంలో దిగదు. "చదువు మానిపించనా? ఠాకురాణి అమ్మవారినే సాగనంపుతాం, నా కూతురిని కట్టివేస్తానా?" అంటుంది అక్క. ఆ మాట అన్న రోజునే అర్ధరాత్రి దాకా ఒంటరిగా కూర్చుని, జానెడు అంచు నేసి, బాగులేదని విప్పేసింది.

రెండు నెలల నుంచి యెదురింటి కోడలు వస్తున్నది. ఇచ్ఛాపురం పిల్ల. పుట్టింట్లో మగ్గం చూసి యెరుగదు. అక్క ఆమెకు రోజుకూలి యిచ్చి నేర్పుతున్నది. గోపురం మెట్లు లెక్కపెట్టడానికి ఆ పిల్ల పైకి "ఒకటి, రెండు" అంటుంది. అక్క "ఏక, దుయి" అంటుంది. లెక్క కలిసేసరికి ఒక వారం పట్టిందట. మొన్న నేను వెళ్లినప్పుడు యిద్దరూ కలిసి నేసిన మొదటి చీర మగ్గం దిగింది. రెండు గోపురాలు కొంచెం వంకరగా వున్నాయి. దాన్ని అమ్మకానికి పెట్టలేదు. ఆ పిల్లకే యిచ్చి, జాతరకు కట్టుకోమన్నది.

చదువరులెవరైనా బరంపురం మీదుగా పోతూ వుంటే రైలు దిగి దేరా వీధికి ఒకసారి రండి. చీర కొనకపోయినా ఫరవాలేదు. నచ్చిన చీర చూసినప్పుడు నేసినవారి పేరుతో పాటు, మగ్గానికి అవతలి కొసన కూర్చున్నవారి పేరు కూడా అడగండి. ఆ ప్రశ్న అడిగిన బేరగాళ్లను దేరా వీధిలో చాలాకాలం గుర్తుంచుకుంటారు.