మొదటి మెగాబైటు

ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ దాటి జైనూర్ దిక్కు వస్తుంటే ఫోన్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఈ దారిన రోజూ తిరిగేవాళ్లు దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. నేను జైనూర్ వచ్చింది ఒక సెల్‌ఫోన్ రిపేరు దుకాణం చూడడానికి. బోర్డు మీద రీచార్జ్, స్క్రీన్ గార్డ్, పాటలు ఎక్కించబడును అని ఉంది. ఆ బోర్డు మీద లేని పని ఒకటి అక్కడ జరుగుతోందని ఉట్నూర్‌లో ఉన్న టీచర్ మిత్రుడు చెప్పాడు. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడి పారేసిన నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బాలు తెచ్చి, కంపెనీ వేసిన సాఫ్ట్‌వేర్ తీసేసి, డెబియన్ లినక్స్ ఎక్కిస్తున్నాడట ఒక గోండు యువకుడు.

లోపల ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు నిలబడాల్సినంత చోటు. వచ్చినవాళ్లు రాంరాం చెప్పి ఫోన్ బల్ల మీద పెడుతున్నారు. ఆ ఫోన్ల నడుమ, మూత విప్పిన నల్ల డబ్బా ఒకటి ఉంది. డీ-లింక్ డీఎన్ఎస్-325. రెండు హార్డ్‌డిస్కులు పడతాయి. 1.2 గిగాహెర్ట్జ్ మార్వెల్ కిర్క్‌వుడ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల ర్యామ్, 128 మెగాబైట్ల ఫ్లాష్. ఇవాళ్టి ఫోన్ల ముందు ఇవి ఏ మూలకూ రావు. కానీ ఫైళ్లు దాచి, అడిగినవాళ్లకు ఇవ్వడానికి ఇంతకంటే పెద్ద యంత్రం అక్కర్లేదు.

"హైదరాబాద్‌ల తుక్కుల దొరికింది సార్. డెడ్ అన్నరు. సచ్చిపోలే. మాట్లాడుతలేదు, గంతే," అన్నాడు ఆ యువకుడు.

మాట్లాడించడమెలాగో చూపించాడు. సర్క్యూట్ బోర్డు అంచున వరసగా పిన్నులున్నాయి. కంపెనీ ఇంజనీర్లు తమ పరీక్షల కోసం వదిలేసిన సీరియల్ పోర్టు అది. బయటి పెట్టె మీద దాని ఆనవాలే ఉండదు. మల్టీమీటర్ పెట్టి ముందు గ్రౌండ్ పట్టాడు. తర్వాత 3.3 వోల్టులు నిలకడగా చూపించే పిన్నును మార్కర్‌తో గుర్తు పెట్టాడు. దాని జోలికి పోవద్దని ఆ గుర్తు. మిగిలిన వాటిలో ఒకటి పంపేది, ఒకటి అందుకునేది. యూఎస్‌బీ టు టీటీఎల్ ముక్కకు జంపర్ వైర్లు తగిలించి, ఇటు పంపేదాన్ని అటు అందుకునేదానికి, అటుదాన్ని ఇటుకు కలిపాడు. గ్రౌండ్‌కు గ్రౌండ్. ముక్క మీది చిన్న స్విచ్చి 3.3 దగ్గర ఉందో లేదో మళ్లీ చూసుకున్నాడు. 5 వోల్టులు పోతే డబ్బా నిజంగానే చచ్చిపోతుంది.

లాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి, వేగం 1,15,200 బాడ్ పెట్టి, అడాప్టర్ స్విచ్చి వేశాడు. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. ఫ్లాష్‌లో ఉన్న బూట్‌లోడర్ చెడిపోయిందన్నమాట. డబ్బా డెడ్ అన్నవాళ్లు ఇక్కడే ఆగిపోయి ఉంటారు.

ఇక్కడ ఆ ఫ్లాష్ చిప్పు గురించి కొంచెం చెప్పాలి. ఈ డబ్బాలో 128 మెగాబైట్ల ఫ్లాష్‌ను కంపెనీ ఆరు గదులుగా విడగొట్టింది. మొదటి మెగాబైటు బూట్‌లోడర్‌ది. తర్వాత 5 మెగాబైట్లు లినక్స్ కెర్నెల్‌కు, ఇంకో 5 ర్యామ్‌డిస్కుకు, 102 అసలు సాఫ్ట్‌వేర్‌కు, 10 అత్యవసర సాఫ్ట్‌వేర్‌కు, చివరి 5 సెట్టింగులకు. కరెంటు రాగానే మెమరీని లేపి, కెర్నెల్‌ను ఎక్కడినుంచి తేవాలో తేల్చేది ఆ మొదటి మెగాబైటే. అందులో ఉన్నది యూ-బూట్. జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ డెంక్ పీపీసీబూట్ పేరుతో మొదలుపెట్టగా 2002లో ఈ పేరు పెట్టుకున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఆయన 2022లో కన్నుమూశారు. ప్రపంచంలో ఎన్ని రౌటర్లలో, ఎన్ని డబ్బాల్లో ఆయన మొదలుపెట్టిన పని రోజూ తొలి అడుగు వేస్తోందో లెక్కపెట్టలేం.

ఆ మొదటి మెగాబైటు చెడిపోయినా కిర్క్‌వుడ్‌లో ఇంకో దారి ఉంది. ప్రాసెసర్ సిలికాన్‌లోనే చెరగని బూట్‌రామ్ ఒకటి ఉంటుంది. కరెంటు వచ్చిన తొలి క్షణాల్లో అది సీరియల్ తీగ మీద ఒక ప్రత్యేక వరస కోసం వింటుంది. హెక్సా లెక్కలో బీబీ, ఆ వెంట 11, 22, 33 అంటూ 77 దాకా. ఆ వరస అందితే ఫ్లాష్‌ను వదిలేసి, తీగ మీదుగా వచ్చే బూట్‌లోడర్‌ను ర్యామ్‌లోకి తీసుకుంటుంది. ఆ వరసను పంపే చిన్న ప్రోగ్రాం పేరు కేడబ్ల్యూబూట్. యూ-బూట్ సోర్సుతోనే వస్తుంది.

అతను ఆదేశం కొట్టి, అడాప్టర్ స్విచ్చి ఆపి మళ్లీ వేశాడు. స్క్రీన్ మీద సున్నా శాతం అని, దాని పక్కన చుక్కలు మొదలయ్యాయి. ఒక్కో చుక్కా 128 బైట్ల మూట. వందల కిలోబైట్లు అలా మూటలుగా ఎక్కుతుంటే బయట ఎవరో చార్జర్ అడిగారు. "జర ఆగు కాకా," అన్నాడే గానీ కళ్లు తిప్పలేదు. నూరు శాతం అయింది. మరుక్షణం యూ-బూట్ తన పేరు, తారీకు, ర్యామ్ ఎంతో చెప్పి, ఏదైనా మీట నొక్కితే ఆగుతానంది. నొక్కాడు. ప్రాంప్ట్ వచ్చి నిలబడింది.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. చిన్నప్పటి నుంచి కంప్యూటర్లతో ఉన్నవాణ్ని. అయినా ఒక యంత్రం ఇంత అట్టడుగు నుంచి లేచి పలకడాన్ని ఇంత దగ్గర్నుంచి చూడలేదు.

కొత్త బూట్‌లోడర్ ఎందుకు, పాతదాన్నే బాగుచేసి పెట్టొచ్చు కదా అనడిగాను. దీనికి అతని జవాబు వివరంగా వచ్చింది. పాత యూ-బూట్ కాలంలో బోర్డు ఏదో కెర్నెల్‌కు ఒక నంబరుతో చెప్పేవారు. ఇప్పటి కెర్నెళ్లు డివైస్ ట్రీ అడుగుతాయి. ఏ పిన్నుకు ఫ్యాను, దేనికి డిస్కు కరెంటు, దేనికి లైటు అని రాసి ఉన్న చిన్న పట్టీ. పాత బూట్‌లోడర్‌కు ఆ పట్టీ అందించడం తెలియదు. కొత్త ఫైల్‌సిస్టమ్‌లను చదవడమూ రాదు. పైగా డెబియన్ కెర్నెల్, దాని వెంట వచ్చే ర్యామ్‌డిస్కు పెరిగి పెరిగి ఆ 5 మెగాబైట్ల గదుల్లో పట్టడం లేదు. అందుకే ఫ్లాష్‌లో బూట్‌లోడర్ ఒక్కటే ఉంచి, మిగిలినదంతా డిస్కు మీద పెడతాడు. డీఎన్ఎస్-325 బోర్డు యూ-బూట్ అసలు సోర్సులోనే ఉంది. దాని డివైస్ ట్రీ లినక్స్ కెర్నెల్ సోర్సులో ఉంది. ఎవరి దగ్గరా చేయి చాపనక్కర్లేదు.

రాసే ముందు మాత్రం ఎంతో జాగ్రత్త. ఫ్లాష్ మొత్తాన్నీ కాపీ తీసి పెట్టుకున్నాడు. డబ్బా అడుగున అంటించిన స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రస్‌ను నోటుబుక్కులో రాసుకున్నాడు. పాత సెట్టింగులతో పాటు అది చెరిగిపోతే నెట్‌వర్క్‌లో డబ్బా తన పేరు తాను మరిచిపోతుంది. కరెంటు తీగను గోడ ప్లగ్గు నుంచి తీసి ఇన్వర్టర్‌కు మార్చాడు. మొదటి మెగాబైటు చెరిపి రాసే ఆ కొద్ది సెకన్లలో కరెంటు పోకూడదు. పోయినా బూట్‌రామ్ ఉంది కాబట్టి మళ్లీ లేపొచ్చు, కానీ ఆ పని రెండోసారి చేయడం అతనికి ఇష్టం లేదు. చెరిపాడు, రాశాడు, రాసింది చదివించి సరిపోల్చాడు. యూఎస్‌బీలో ఉన్న డెబియన్ 12 నుంచి బూట్ అయ్యేలా ఒక వరస రాసి సేవ్ చేశాడు. తర్వాత కెర్నెల్ మాటలు స్క్రీన్ నిండా జారిపోయి, చివర్న లాగిన్ అడిగింది.

ఇలాంటి పనికి ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. 2004లో లింక్‌సిస్ ఎన్ఎస్ఎల్‌యూ2 అనే అరచేతి డబ్బా వచ్చింది. 32 మెగాబైట్ల ర్యామ్, 8 మెగాబైట్ల ఫ్లాష్. లోపల ఉన్నది లినక్సే అని కొన్నవాళ్లు పసిగట్టారు. లినక్స్ లైసెన్సు ప్రకారం కంపెనీ సోర్సు ఇవ్వాలి, ఇచ్చింది. ఆ సందులోంచి ప్రపంచం నలుమూలలా ఉత్సాహవంతులు చొరబడి తమ సొంత ఫర్మ్‌వేర్లు రాశారు. మార్టిన్ మిచెల్‌మైర్ వంటివారి శ్రమతో 2007లో వచ్చిన డెబియన్ 4.0 నేరుగా దాని మీద ఎక్కింది.

ఈ పని సరదా కోసమే అనుకునేవాళ్లకు రెండు సంగతులు చెబుతాను. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డబ్బాలు ఉన్నవాళ్లు చాలామంది ఒక పొద్దున లేచి చూస్తే ఏళ్ల ఫొటోలు, కాగితాలు ఏవీ లేవు. ఇంటర్నెట్ మీంచి ఎవరో ఫ్యాక్టరీ రీసెట్ చేశారు. ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ 2015లో వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఇదిగో ఈ డీఎన్ఎస్-325తో పాటు మరికొన్ని మోడళ్లలో, పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్లు లోపలికి ఆదేశాలు పంపగల లోపం బయటపడింది. వాటి కాలం అయిపోయింది, సరిచేయం, తీసేయండి అంది కంపెనీ. ఇనుము బాగానే ఉంది, ప్రాసెసర్ బాగానే ఉంది, డిస్కు బాగానే ఉంది. అయినా తుక్కులోకి. మనం డబ్బిచ్చి కొన్న వస్తువు ఆయుష్షును వేరెవరో రాస్తున్నారు. ఆ మొదటి మెగాబైటు మన చేతికి వస్తే ఆ రాత మన చేతికి వచ్చినట్టే. నేను ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమే.

అసలు ఇక్కడ ఈ డబ్బాలతో ఏం చేస్తున్నారు? మధ్యాహ్నం దాటాక మార్లవాయి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. జేబులోంచి చిన్న కాగితపు పొట్లం తీసి, అందులోంచి మెమరీ కార్డు తీశాడు. దండారీ పండుగ రోజుల్లో తీసిన వీడియోలు, ఒక ప్రధాన్ కళాకారుడు కీక్రి వాయిస్తూ పాడిన కథ. ఆ గాయకుడు ఇప్పుడు లేడట. ఇన్నాళ్లూ ఆ పాట ఆ పొట్లంలోనే ఉంది.

మార్లవాయి ఈ మండలంలోనే ఉంది. కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల పరిస్థితి తెలుసుకోమని నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ 1940లలో కాపురమున్న ఊరు. 1943లో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది ఇక్కడే. బెట్టీ 1987లో పోయారు, ఆమె సమాధి ఈ ఊళ్లోనే ఉంది. 1995లో పోయిన ఆయన అవశేషాలనూ 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ ఈ ఊరే. ఆయన 2024 అక్టోబర్‌లో కాలం చేశారు. హైమన్‌డార్ఫ్ తీసిన వేల ఫొటోలు, ఫిల్ములు, డైరీలు లండన్‌లో సోయాస్ విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉన్నాయి. భద్రంగా ఉన్నందుకు సంతోషమే. కానీ మార్లవాయి పిల్లవాడికి తన ముత్తాత బొమ్మ చూడాలంటే ముందు సిగ్నల్ దొరకాలి, ఆపైన ఇంగ్లిష్ రావాలి.

అందుకని ఈ డబ్బా. కార్డులోని ఫైళ్లను దాంట్లోకి ఎక్కించి, మామూలు వైఫై రౌటర్‌కు తగిలించి, ఒక చిన్న వెబ్ పేజీ పెడతాడు. దగ్గరికి వచ్చి వైఫై కలుపుకుంటే చాలు, ఇంటర్నెట్ లేకపోయినా ఎవరి ఫోన్‌లోనైనా పాట వస్తుంది. కావాలంటే దింపుకోవచ్చు. అదే పేజీలో గుంజాల గోండి లిపి ఫాంటు ఉంది. పక్కనే నార్నూర్ మండలం గుంజాలలో 2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందానికి ఆ లిపి రాతప్రతులు దొరికాయి. 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. నోటో ఫాంటు ఉచితంగా దొరుకుతుంది, కానీ దాన్ని దింపుకోవడానికి కావలసిన నెట్టు లేని ఊళ్లు ఆ లిపి దొరికిన చుట్టుపక్కలే ఉన్నాయి. పాఠాల పీడీఎఫ్‌లు కూడా పెట్టాలని అతని ఆలోచన.

పెద్దమనిషికి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి పాట వినిపించాడు. విని, "గిది మీ దుకాణం బంద్ అయితె?" అనడిగాడు ఆయన. మంచి ప్రశ్న. ఒక్క చోటున్నది దాచినట్టు కాదు. రెండో డిస్కు మీద ఇంకో కాపీ, మరో ఊళ్లో ఇంకో డబ్బా ఉండాలన్నాడు యువకుడు. ఆ రెండో డబ్బా మార్లవాయిలోనే పెట్టమన్నాడు ఆయన.

కష్టాలు లేకపోలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు డబ్బా తనంతట తాను లేవాలి. దానికి వేరే పిన్ను ఉంటుంది, అది కూడా డివైస్ ట్రీలో ఉంది. వేసవిలో ఇక్కడి ఎండకు ఫ్యాను సరిగా తిరగకపోతే డిస్కులు ఆగవు. అన్నిటికంటే పెద్దది, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఈ తరం ప్రాసెసర్లకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. కెర్నెల్ ప్యాకేజీ కూడా పాత రాస్ప్‌బెర్రీ పైలకు తప్ప ఇవ్వడం లేదు. అంటే ఇకమీదట కెర్నెల్‌ను తనే కట్టుకోవాలి. సోర్సు ఉంది కాబట్టి కట్టుకోవచ్చు. లాప్‌టాప్‌లో క్రాస్ కంపైలర్ పెట్టి అప్పుడే ఒకటి కట్టి చూశాడు, బూట్ అయింది.

హైదరాబాద్‌లోనో కరీంనగర్‌లోనో ఆఫీసు మూలన ఇలాంటి డబ్బాలు పడి ఉన్నవాళ్లకు అతను చెప్పమన్నది చెబుతున్నాను. తుక్కుకు వేసే ముందు ఎవరికైనా ఇవ్వండి. డిస్కులో మీ ఫైళ్లు పూర్తిగా చెరిపి ఇవ్వండి. అడాప్టర్ తప్పకుండా జతచేయండి. డబ్బాలు దొరుకుతున్నాయి గానీ సరైన వోల్టేజి, సరైన పిన్ను ఉన్న అడాప్టర్ జైనూర్‌లో దొరకడం లేదు.