రఫూ, పైవంద్

బట్టకు చిల్లు పడితే మన ఇళ్లలో రెండు దారులుండేవి. వేరే గుడ్డ పెట్టి కుడితే పైవంద్. అదే బట్ట లోపలి మడతలోంచి దారం లాగి, నేత కలిసేలా అల్లితే రఫూ. పైవంద్ కనపడుతుంది, రఫూను వెతుక్కోవాలి. ఈ మధ్య కంప్యూటర్ ముందు కూర్చుని నానీమా పాన్‌దాన్‌కు రఫూ చేస్తుంటే ఈ తేడా బాగా తెలిసొచ్చింది.

నానీమా ఇంతిఖాల్ తర్వాత ఆ ఇత్తడి పాన్‌దాన్ బడీ ఖాలాకు వెళ్లింది. అమ్మీకీ ఛోటీ ఖాలాకూ త్రీడీ ప్రింటర్ మీద నకళ్లు తీసి ఇచ్చే జిమ్మేదారీ నాది. ఇత్తడి మెరుపు కెమెరాకు గిట్టదు. అందుకని పల్చగా టాల్కం పౌడర్ అద్ది, చుట్టూ తిరిగి నూటికి పైగా ఫోటోలు తీశాను. సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి మెష్ తయారుచేసింది. మెష్ అంటే వేల చిన్న త్రిభుజాలను అంచుకు అంచు కుట్టిన పొర. కెమెరా చూడని చోట త్రిభుజాలుండవు. బల్లకు ఆనిన అడుగు, కాచు, సున్నం పెట్టే కటోరీల లోతు, అన్నీ చిల్లులే.

"ఉంటే ఏమైంది బేటా, పైకి కనపడవు కదా" అంది అమ్మీ. కానీ ప్రింట్‌కు పంపే ముందు సాఫ్ట్‌వేర్ మోడల్‌ను పొరలు పొరలుగా కోసి, ఎక్కడ లోపల, ఎక్కడ బయట అని లెక్క కడుతుంది. చిల్లుంటే ఆ లెక్క తప్పుతుంది. మెష్ నీళ్లు కారని కుండలా ఉండాలి.

చిల్లును గుర్తుపట్టడం తేలికే. సరైన మెష్‌లో ప్రతి అంచునూ రెండు త్రిభుజాలు పంచుకుంటాయి. ఒక్క త్రిభుజమే ఉన్న అంచు, చిల్లు గట్టు. బ్లెండర్‌లో 'నాన్ మానిఫోల్డ్' ఎంచుకుంటే ఆ గట్లన్నీ వెలుగుతాయి. ఇటలీలోని పీసాలో పుట్టిన మెష్‌ల్యాబ్‌లో 'క్లోజ్ హోల్స్' అనే పని ఉంది. గట్టుకు ఎన్ని అంచులుండేదాకా మూయాలో దానికి ఒక నంబర్ చెప్పాలి. రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. చిన్న చిల్లులు క్షణంలో మూసుకుపోయాయి. అడుగు చదునుగా ఉంది కాబట్టి అక్కడ పైవంద్ చాలు. కటోరీ గోడలు గుండ్రం, చదును అతుకు వేస్తే ఎబ్బెట్టుగా తేలుతుంది. అక్కడ బ్లెండర్‌లోని 'గ్రిడ్ ఫిల్' వాడాను. అది చుట్టూ ఉన్న వంపును పట్టుకుని గళ్లు అల్లుతుంది. అదీ రఫూ.

అసలు పరీక్ష మూత మీది జాలీ దగ్గర. ఆ సన్నటి కంతల లోపలి గోడలు కెమెరాకు చిక్కలేదు. సాఫ్ట్‌వేర్‌కు అవీ చిల్లులే. నంబర్ పెంచి ఒక్క నొక్కు నొక్కితే జాలీ మొత్తం పళ్లెంలా మూసుకుపోతుంది. అందుకే ఒక్కో కంతకూ లోపలి గోడను చేత్తో కట్టుకుంటూ వచ్చాను. రెండు రాత్రుల సబర్ పట్టింది.

జాలీలో ఒక రెక్క ఎప్పుడో విరిగిపోయింది. ఛోటీ ఖాలా ఫోన్‌లో, "వో కోనా భీ భర్‌దే బేటా, కొత్తదానిలా ఉంటుంది" అంది. నింపడం కష్టమేమీ కాదు, పక్క రెక్కను కాపీ చేస్తే సరి. కానీ నానీమా మూత ఎత్తేటప్పుడు వేలు పెట్టేది ఆ సందులోనే. "ఖాలాజాన్, అది కెమెరా వదిలేసిన చిల్లు కాదు, నానీమా వాడిన గుర్తు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "రెహెనే దే" అంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి నిషానీలుంటే స్కాన్ చేయించి పెట్టుకోండి. చిల్లులు పూడ్చిన ఫైల్‌తో పాటు, పూడ్చని అసలు ఫైల్‌నూ విడిగా దాచండి. సాఫ్ట్‌వేర్ నింపింది చుట్టుపక్కల చూసి వేసిన అందాజా మాత్రమే. ఏది పెద్దలు వదిలివెళ్లింది, ఏది మనం అల్లింది అన్నది రేపు పిల్లలకు తెలియాలి. అది కూడా అమానతే.