శ్రీకారాల ఊరు

తెల్లవారుజామున రైలు గోదావరి వంతెన ఎక్కిందంటే చాలు, నిద్రపోతున్నవాళ్లంతా లేచి కూర్చుంటారు. కిటికీల్లోంచి చిల్లర డబ్బులు నీళ్లలోకి ఎగురుతాయి. పక్కనే 1900లో కట్టిన పాత హేవలాక్ వంతెన కనిపిస్తుంది. 1997 నుంచీ దానిమీద రైళ్లు లేవు. వంతెన దిగితే రాజమండ్రి... 2015లో మళ్లీ రాజమహేంద్రవరం అయిన ఊరు.

ఇటలీలోని ఫ్లోరెన్సుకు వెళ్లినవాళ్లు ఆర్నో నది ఒడ్డున చిత్రాలు చూసి, చరిత్ర విని, కమ్మగా భోంచేసి వస్తారు. ఆ మూడూ మన గోదావరి గట్టునా దొరుకుతాయి. పైగా ఈ ఊరికో అలవాటు ఉంది. పెద్ద పనులకు శ్రీకారం చుడుతుంది. ముందుకు తీసుకెళ్లే బాధ్యత తర్వాతివాళ్లకు వదిలేస్తుంది!

భారతంతో మొదలు

పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు కోరితే నన్నయ తెలుగులో మహాభారతం మొదలుపెట్టింది ఇక్కడే. అరణ్యపర్వం సగంలో ఉండగా ఆ కలం ఆగింది. పదమూడో శతాబ్దంలో తిక్కన, ఆ తర్వాత ఎర్రన అందుకుంటే గానీ అది పూర్తి కాలేదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించిందీ ఈ ఊళ్లోనే. ఆయన ఇంటిని ఇప్పటికీ చూడొచ్చు.

ఆనకట్ట పెట్టిన అన్నం

ఊరికి దిగువన ధవళేశ్వరం. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు. అంతకుముందు కరవుతో అల్లాడిన డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ బియ్యపు సొగసు చూడాలంటే ఆత్రేయపురం వెళ్లాలి. బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డతో ఒక్క పూత. క్షణంలో కాగితంలాంటి రేకు లేచి వస్తుంది! నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి మడిస్తే పూతరేకు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. తాపేశ్వరం కాజా, పనసపొట్టు కూర, ఎండవేళ ఓ గ్లాసు రోజ్‌మిల్క్... జాబితా పెద్దదే.

ఇక వరదల కాలంలో పులస. పుస్తెలమ్మైనా తినాలంటారు గోదావరి జిల్లాలవాళ్లు. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చే ఈ చేపకు ఆనకట్టే అడ్డుగోడ. రానురానూ దొరకడమే గగనమైపోతోంది. పెద్ద పులస ఒక్కటే వేల రూపాయలు పలుకుతోంది. అన్నం పెట్టిన గోడే చేపను ఆపడం గోదావరి కథలో ఓ చేదు మలుపు.

ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే...

తిండి, తీర్థం అయ్యాక చాలామంది తిరుగు రైలెక్కేస్తారు. దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ మిగిలిపోతుంది. రామారావు 1897లో ఈ ఊళ్లోనే పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని విద్యను గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకు పంపించాడు. చదువయ్యాక రామారావు బొంబాయిలో ఉండిపోలేదు. సొంతూరికి తిరిగొచ్చి చిత్రకళా పాఠశాల పెట్టాడు. తెలుగు మనుషుల్ని, గోదావరి కొండల్ని తెలుగు కంటితో చూసి గీశాడు. 1925లో మశూచి ఆయన్ని తీసుకెళ్లిపోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

పాఠశాల మాత్రం ఆగలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నం దాన్ని భుజాన వేసుకున్నాడు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టినవాళ్లే. ఇక్కడి 'సిద్ధార్థ రాగోదయం' ముందు కాసేపు నిలబడితే ఆ యువకుడికి ఇంకో ముప్ఫై ఏళ్లు ఆయుష్షు ఉంటే ఏం గీసేవాడో అనిపించక మానదు.

నన్నయకు తిక్కన దొరికాడు. రామారావుకు వెంకటరత్నం దొరికాడు. చిత్రాలకు మాత్రం ఎప్పటికప్పుడు చూసే కళ్లు కావాలి. 2027లో గోదావరి పుష్కరాలు. లక్షల మంది ఈ గట్టుకు వస్తారు. స్నానమయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకుని ఓ గంట ఆ గ్యాలరీకి వెళ్తే చాలు. ఈ ఊరు మొదలుపెట్టినదాన్ని ముందుకు తీసుకెళ్లడంలో అదీ ఓ చెయ్యి వేయడమే!