రెండు తలల పాము

మేం యానాదులం. పాములూ ఎలుకలూ మాకు కొత్త కాదు. ఒకసారి శనక్కాయల చేను గట్టున రెండు తలల పాము కనిపించింది. నడుం మీద తాడు ఒరిపిడి, తోక దగ్గర పుండు. ఎవరో డబ్బాలో దాచి ఉంచితే తప్పించుకొచ్చిందని తాత చూడగానే చెప్పాడు.

వెడల్పాటి కుండలో పొడి ఇసుక పోసి దాన్ని వదిలాడు. అది వెంటనే ఇసుకలోకి దూరింది. చిప్పలో నీళ్లు పెట్టాడు. అత్త పాలు తెస్తే వద్దన్నాడు. "పాము పాలు తాగి బతికేది కాదమ్మా. నీళ్లు చాలు. ఊరికే కదిలించమాకండి" అన్నాడు. కుండకు పల్చటి గుడ్డ కట్టి, అటవీ శాఖ వాళ్లకు నా చేత ఫోన్ చేయించాడు.

వాళ్లు వచ్చేలోపే బండి మీద ఇద్దరు దిగారు. లక్షలిస్తామన్నారు. తాత కుండ దగ్గర నుంచి లేవలేదు.

నిజానికి ఆ పాముకు రెండు తలలుండవు. మొద్దు తోక తలలా కనిపిస్తుంది, అంతే. విషం లేదు, మహిమా లేదు. చేలో ఎలుకల్ని తిని రైతుకు మేలు చేస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టినా, పెంచినా, అమ్మినా నేరమే. లక్షలు ఆశ చూపినవాడు జారుకుంటాడు, పట్టిచ్చిన మన పిల్లవాడు జైలుకు పోతాడు.

తమిళనాడులో ఇరులలు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. అనుమతితో పాముల్ని పట్టి, విరుగుడు మందు కోసం విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. మన తాతలకున్నదీ అలాంటి విద్యే. బడిలో పిల్లలకు దాన్ని చెప్పించండి.